పాసేజీ చదివారు సరే... అర్థమైందా? పీజీ ఎంట్రన్స్‌లకు కర్నూలు, కడప విద్యార్థులు చేయాల్సిన సాధన

డిగ్రీ చివరి సెమిస్టర్ దగ్గర పడేసరికి కర్నూలు, కడప, నంద్యాల, ప్రొద్దుటూరు ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: "ఇప్పుడేంటి?" ఎంబీఏనా, ఎంసీఏనా, బీఈడీనా, లేక ఏదో ఒక ఉద్యోగమా? అమ్మాయి చదువైతే ఈ ప్రశ్న ఇంకాస్త బరువుగా ఉంటుంది. మంచి ర్యాంకు వచ్చి దగ్గర్లోని కాలేజీలో సీటు దొరికితే చదువు ముందుకు సాగుతుంది. రాకపోతే "చదివింది చాలు" అనే మాట తొందరగా వచ్చేస్తుంది. అందుకే ఎంట్రన్స్‌లో వచ్చే నాలుగైదు మార్కుల తేడా చాలా ఇళ్లలో మార్కుల తేడాగా మాత్రమే మిగలదు.

ఈ పరీక్షల్లో లెక్కలకు కోచింగ్ తీసుకుంటారు, రీజనింగ్‌కు షార్ట్‌కట్లు నేర్చుకుంటారు. ఇంగ్లిష్ పాసేజీని మాత్రం "చూద్దాంలే" అని వదిలేస్తారు. "మాకు ఇంగ్లిష్ రాదు" అనేది పిల్లలు చెప్పే మొదటి కారణం. అది సగం నిజం. పాసేజీలో మార్కులు పోయేది తెలియని మాటల వల్ల కొంత, తెలిసిన మాటలనే సరిగా చదవకపోవడం వల్ల మరికొంత. మొదటి లోపం తీరడానికి ఎక్కువ కాలం పడుతుంది. రెండోది రెండు నెలల సాధనతో చాలా వరకు సర్దుకుంటుంది. ఆ రెండోదాన్ని ఇంట్లో ఉండి, డబ్బు ఖర్చు లేకుండా ఎలా సరిచేసుకోవాలో చూద్దాం.

ఏ పరీక్షలో ఎంత?

ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు ఏపీ ఐసెట్ రాయాలి. ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం దీన్ని కంప్యూటర్ మీద నిర్వహిస్తుంది. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. ఇందులో అనలిటికల్ ఎబిలిటీకి 75, మ్యాథమెటికల్ ఎబిలిటీకి 55, కమ్యూనికేషన్ ఎబిలిటీకి 70 ప్రశ్నలు. పదజాలం, వ్యాకరణం, వ్యాపార, కంప్యూటర్ పదాలతో పాటు పాసేజీలు వచ్చేది ఈ 70లోనే. లెక్కలు, రీజనింగ్ ప్రశ్నలు ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ కనిపిస్తాయి. కమ్యూనికేషన్ భాగం మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. తెలుగు, ఉర్దూ మీడియం పిల్లలకు చిక్కంతా అక్కడే. తప్పు జవాబుకు మైనస్ మార్కు లేదు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

బీఈడీకి రాసే ఏపీ ఎడ్‌సెట్‌లో 150 ప్రశ్నలకు రెండు గంటల సమయం ఇస్తారు. అందులో జనరల్ ఇంగ్లిష్ 25 మార్కులు. ఐఐఎంల కోసం రాసే క్యాట్‌లో పాసేజీల బరువు ఇంకా ఎక్కువ. 2024 క్యాట్‌లో ఇంగ్లిష్ భాగానికి 40 నిమిషాలు, 24 ప్రశ్నలు. వాటిలో 16 ప్రశ్నలు నాలుగు పాసేజీల మీదే వచ్చాయి. అక్కడ ఒప్పుకు మూడు మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్నలో తప్పు పెడితే ఒక మార్కు కోత. విదేశాల్లో ఎంఎస్ కోసం రాసే జీఆర్ఈ 2023 సెప్టెంబర్ నుంచి చిన్నదైంది. వెర్బల్ భాగంలో 27 ప్రశ్నలకు 41 నిమిషాలు ఇస్తారు. వాటిలో దాదాపు సగం చదివి అర్థం చేసుకునేవే.

పరీక్షల తీరు అప్పుడప్పుడు మారుతుంది. నోటిఫికేషన్ రాగానే ఆ ఏడాది సమాచార పుస్తకంలో ఒకసారి సరిచూసుకోవాలి. అయితే పరీక్ష ఏదైనా పాసేజీ అడిగేది ఒకటే: ఇక్కడ రాసినదాన్ని రాసినట్టుగా పట్టుకున్నావా, లేదా?

ఇంట్లో మూడు భాషలు: బరువు కాదు, బలం

రాయలసీమ ముస్లిం ఇళ్లలో పిల్లలు దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ పెరుగుతారు. వీధిలో, బడిలో తెలుగు. మక్తబ్‌లో అరబీ అక్షరాలు. పరీక్షలో ఇంగ్లిష్. ఇన్ని భాషల మధ్య పిల్లలు ఏదీ సరిగా నేర్చుకోలేకపోతున్నారని తల్లిదండ్రులు బెంగపడుతుంటారు. నిజానికి పాసేజీ చదవడానికి కావాల్సిన ఒక ముఖ్యమైన నేర్పు ఈ పిల్లలకు చిన్నప్పుడే అబ్బుతుంది. మాటకు అర్థం దాని పక్కనున్న మాటలను బట్టి మారుతుందని వాళ్లకు తెలుసు.

"ఖరీదు" మాటే తీసుకోండి. ఉర్దూలో "ఖరీద్‌నా" అంటే కొనడం. అదే మాట తెలుగులోకి వచ్చి "దీని ఖరీదెంత?" అన్నప్పుడు ధర అయింది. "ఇత్తిఫాఖ్" ఒక చోట ఐకమత్యం, ఇంకో చోట "ఇత్తిఫాఖ్ సే" అంటే అనుకోకుండా. ఇంట్లో ఎవరూ నిఘంటువు తీయరు. సందర్భాన్ని బట్టి పిల్లలే అర్థం చేసుకుంటారు.

ఇంగ్లిష్‌లోనూ ఇదే జరుగుతుంది. "లోన్ శాంక్షన్ అయింది" అంటే బ్యాంకు మంజూరు చేసింది. వార్తల్లో "ఒక దేశం మీద శాంక్షన్లు పెట్టారు" అంటే ఆంక్షలు విధించారు. మాట ఒకటే, అర్థాలు దాదాపు ఎదురెదురు. ఒక్క అర్థాన్నే బట్టీ పట్టిన పిల్లవాడు రెండో చోట బోల్తా పడతాడు. పక్క వాక్యం చూసినవాడు నిలబడతాడు. ఉర్దూలో, తెలుగులో రోజూ చేసే ఆ పనినే ఇంగ్లిష్‌లో చేయాలి. ఇంగ్లిష్ అనగానే భయంతో ఆ నేర్పును పక్కన పెట్టేస్తారు. సమస్య అక్కడ మొదలవుతుంది.

సియాఖ్-ఓ-సబాఖ్ చూడాలి

ఖురాన్ తిలావత్‌కు దాని ఆదాబ్, దాని సవాబ్ ఉన్నాయి. అర్థం తెలియకుండా చదివినా అది ఇబాదతే. పరీక్ష పాసేజీ సంగతి వేరు. పైకి తడబడకుండా చదివేసి, చివర "ఏం చెప్పాడు?" అంటే మౌనంగా ఉండిపోతే అక్కడ చదివినట్టు కాదు. చాలా మంది డిగ్రీ విద్యార్థుల కళ్లు పాసేజీ చివరిదాకా వెళ్తాయి, మనసు మాత్రం మొదటి వాక్యం దగ్గరే ఉంటుంది.

ఏదైనా ఆయత్ అర్థం వివరించేటప్పుడు ఆలిములు సియాఖ్-ఓ-సబాఖ్ చూడమంటారు. అంటే ముందు ఏముంది, తర్వాత ఏముంది, ఏ సందర్భంలో వచ్చింది అని. ఒక్క ముక్కను విడదీసి ఇష్టం వచ్చిన అర్థం చెప్పకూడదంటారు. పాసేజీ ప్రశ్నలకు ఇంతకన్నా మంచి సూత్రం లేదు. జవాబు పాసేజీలోనే ఉండాలి. వేలు పెట్టి "ఇదిగో, ఈ వాక్యం వల్ల ఈ జవాబు" అని చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ జవాబు ఎంత బాగున్నా, లోకంలో ఎంత నిజమైనా, ఆ ప్రశ్నకు తప్పే.

ఒక చిన్న పరీక్ష

ఈ సూత్రం ఎలా పనిచేస్తుందో తెలుగులోనే చూద్దాం. కర్నూలు, కడపలను కలిపే కేసీ కాలువ గురించిన ఈ పేరాను ఒకసారి నిదానంగా చదవండి.

"తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కర్నూలు, కడప ప్రాంతాల పొలాల గుండా సాగే కాలువను 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. పంటలకు నీళ్లు అమ్మడంతో పాటు పడవలు నడిపి కూడా ఆదాయం పొందవచ్చని ఆ కంపెనీ లెక్క వేసింది. ఖర్చు అంచనాలను దాటిపోయింది, రాబడి మాత్రం అనుకున్నంత రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనుక్కుంది. అయితే కంపెనీ నష్టపోయినంత మాత్రాన కాలువ పనికిరానిదని చెప్పలేం. వ్యాపారంగా ఓడిపోయిన పనే, వానను నమ్ముకోలేని నేలకు తర్వాతి తరాల్లో ఆసరా అయింది. ఒక కట్టడం విలువను దాని తొలి యజమాని లాభనష్టాలతోనే కొలిస్తే, ఆ నీళ్లు తాగిన పొలాల లెక్క ఎవరు రాస్తారు?"

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు.

మొదటిది: ఈ పేరా ముఖ్యంగా చెప్పేదేమిటి? (అ) కాలువ తవ్వడానికి ఖర్చు ఎక్కువైంది. (ఆ) నీటి పనులను ప్రైవేటు కంపెనీలకు ఇవ్వకూడదు. (ఇ) కాలువ విలువను కంపెనీకి వచ్చిన నష్టంతోనే కొలవలేం. (ఈ) పడవల రవాణా చాలా అవసరం.

జవాబు (ఇ). "అ" నిజమే, పేరాలో ఉంది కూడా. కానీ అది ఒక్క వాక్యంలోని సంగతి, పేరా మొత్తం సారాంశం కాదు. "ఆ" చదివేవారి సొంత అభిప్రాయం కావచ్చు. పేరా ఆ మాట ఎక్కడా అనలేదు. ఇక్కడ మలుపు "అయితే" అనే మాట దగ్గర ఉంది. అంతవరకు జరిగిన కథ, అక్కడి నుంచి రాసినవారి వాదన. ఇంగ్లిష్‌లో "బట్", "హవెవర్", "యెట్", "నెవర్దిలెస్" ఈ పని చేస్తాయి. ఆ మాట కనపడగానే వేగం తగ్గించాలి. ముఖ్య విషయం చాలాసార్లు దాని తర్వాతే ఉంటుంది.

రెండోది: ఈ పేరాను బట్టి కచ్చితంగా ఏం చెప్పగలం? (అ) ప్రభుత్వం కొన్నాక కాలువకు లాభాలొచ్చాయి. (ఆ) కంపెనీ ఆశించిన ఆదాయానికి, వచ్చిన ఆదాయానికి తేడా ఉంది. (ఇ) రైతులు నీటికి డబ్బు కట్టడానికి ఒప్పుకోలేదు. (ఈ) కాలువలో పడవలు అసలు నడవలేదు.

జవాబు (ఆ). "రాబడి అనుకున్నంత రాలేదు" అనే వాక్యం దానికి సాక్ష్యం. ఎక్కువ మంది పడిపోయేది "ఇ" దగ్గర. రాబడి రాలేదంటే రైతులు కట్టలేదేమో అని మనసు తనంతట తాను కథ అల్లుకుంటుంది. పేరాలో రాబడి రాలేదని ఉంది, ఎందుకు రాలేదో లేదు. "అ" కూడా అంతే. ప్రభుత్వం కొన్నదని ఉంది, లాభం వచ్చిందని లేదు. పాసేజీ ఆగిన చోట మనమూ ఆగాలి. ఒక్క అడుగు ముందుకు వేసినా మార్కు పోతుంది.

మూడోది: "లెక్క" అనే మాట రెండో వాక్యంలో, చివరి వాక్యంలో ఒకే అర్థంలో వచ్చిందా? లేదు. మొదటి చోట అది అంచనా. చివరి చోట అది జమాఖర్చు, ఉర్దూలో చెప్పే హిసాబ్. పదాల అర్థం అడిగే ప్రశ్నలన్నీ ఇలాంటివే. ఎక్కువగా వాడే అర్థం ఆప్షన్లలో ఎరగా ఉంటుంది. ప్రతి ఆప్షన్‌నూ వాక్యంలో ఆ మాట స్థానంలో పెట్టి చదవాలి. వాక్యం చెడకుండా కుదిరిందే జవాబు.

నాలుగోది: చివర ప్రశ్న ఎందుకు వేశారు? పాఠకుల నుంచి సమాచారం కోసం కాదు. "పొలాలకు కలిగిన మేలును కూడా లెక్కలోకి తీసుకోవాలి" అనే మాటను గట్టిగా చెప్పడానికి. ఇంట్లో పెద్దవాళ్లు "ఇన్నాళ్లూ నీ ఫీజు ఎవరు కట్టారు?" అంటే అది ప్రశ్న కాదని పిల్లలకు తెలుసు. ఇంగ్లిష్ పాసేజీలో రాసినవారి ధోరణిని అడిగే ప్రశ్నకు కూడా ఆ చెవే కావాలి. పొగుడుతున్నారా, తప్పు పడుతున్నారా, సందేహిస్తున్నారా, కొంత ఒప్పుకొని కొంత కాదంటున్నారా అని గమనించాలి.

తప్పు ఆప్షన్లకు నాలుగు వేషాలు

పై ఉదాహరణలో కనిపించినవే ఏ పరీక్షలోనైనా తిరిగి తిరిగి వస్తాయి. మొదటిది అతి మాట. పాసేజీ "కొందరు", "తరచుగా" అంటే ఆప్షన్ "అందరూ", "ఎప్పుడూ" అంటుంది. ఇంగ్లిష్‌లో "ఆల్", "నెవర్", "ఓన్లీ" కనిపిస్తే అనుమానించి పాసేజీతో పోల్చాలి. రెండోది సగం నిజం. ఆప్షన్ మొదటి భాగం సరిగ్గా ఉంటుంది, చివర్లో ఒక్క మాట మారుతుంది. మూడోది బయటి నిజం. లోకంలో అది నిజమే, పాసేజీలో లేదు. నాలుగోది తలకిందులు. కారణాన్ని ఫలితంగా, ఫలితాన్ని కారణంగా మార్చేస్తారు. పాసేజీలోని మాటలే కనిపిస్తాయి కాబట్టి తొందరలో ఒప్పనిపిస్తుంది.

కాబట్టి సరైన జవాబును వెతకడం కంటే తప్పు జవాబులను ఒక్కొక్కటిగా కొట్టేయడం తేలిక. ప్రతి ఆప్షన్‌కు "ఇది ఎందుకు కాదు?" అని ఒక చిన్న కారణం చెప్పుకోవాలి. కారణం దొరకనిదే మిగులుతుంది.

పొడవు వాక్యాలు ఎందుకు తికమక పెడతాయి?

తెలుగులోనూ ఉర్దూలోనూ క్రియ సాధారణంగా వాక్యం చివర వస్తుంది. క్రియ వచ్చిందంటే మాట పూర్తయినట్టే. ఇంగ్లిష్‌లో ఎవరు, ఏం చేశారు అనేవి ముందే వచ్చేస్తాయి. షరతులు, మినహాయింపులు తర్వాత తోకలా వస్తాయి. క్రియ దొరకగానే అర్థమైపోయిందనుకుని ముందుకు ఉరికే అలవాటు వల్ల ఆ తోక తప్పిపోతుంది. "అన్‌లెస్", "ఎక్సెప్ట్", "ప్రొవైడెడ్" లాంటి మాటలతో మొదలయ్యే ఆ చివరి ముక్క మీదే ప్రశ్న వస్తుంది.

దీనికి మందు సులువే. పొడవాటి వాక్యం కనపడగానే మొదట "ఎవరు? ఏం చేశారు?" అని పట్టుకోవాలి. తర్వాత "ఎప్పుడు, ఏ షరతు మీద, ఎవరిని మినహాయించి?" అని చూడాలి. ఒక్కో ఇంగ్లిష్ మాటకు ఒక్కో తెలుగు మాట పెట్టుకుంటూ పోతే వాక్యం ముక్కలవుతుంది, సమయమూ పోతుంది. ముక్క ముక్కగా అనువాదం వద్దు. వాక్యం మొత్తం చదివి భావాన్ని ఒక్కసారిగా సొంత భాషలో అనుకుంటే చాలు.

ఎనిమిది వారాల ప్రణాళిక

రోజుకు ముప్పావు గంట చాలు. ఫజ్ర్ తర్వాత ఇల్లు సద్దుమణిగి ఉండే వేళ దీనికి బాగుంటుంది. ఎండాకాలంలో సీమలో మధ్యాహ్నం తల పనిచేయదు కాబట్టి ఉదయమే మేలు.

మొదటి రెండు వారాలు భయం పోగొట్టుకోవడానికి. రోజూ ఒక తెలుగు లేదా ఉర్దూ పత్రిక సంపాదకీయం చదివి, ఒక్కో పేరాకు ఒక్క వాక్యం సారాంశం రాయాలి. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిది, తొమ్మిది తరగతుల ఇంగ్లిష్ సాంఘిక శాస్త్రం పుస్తకాల నుంచి ఒక పేజీ. అవి ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, భాష సరళంగా ఉంటుంది. డిగ్రీ చదివి ఎనిమిదో తరగతి పుస్తకమా అని సిగ్గుపడక్కర్లేదు. అర్థమయ్యే స్థాయి నుంచి మొదలుపెడితేనే పైకి ఎక్కడం కుదురుతుంది.

మూడు, నాలుగు వారాల్లో పదకొండు, పన్నెండు తరగతుల పుస్తకాలకు, ఇంగ్లిష్ పత్రికల వ్యాసాలకు వెళ్లాలి. క్యాట్, జీఆర్ఈ రాసేవారు సైన్స్, ఆర్థిక శాస్త్రం, తత్వం, కళలు అన్నీ చదవాలి. తెలియని విషయం వచ్చినప్పుడు బెదరకుండా ఉండటమే అసలు సాధన. తెలియని మాట దగ్గర ఆగకూడదు. గుర్తు పెట్టి ముందుకెళ్లి, పేరా అయ్యాక ఊహించి, అప్పుడు నిఘంటువు చూడాలి. రోజుకు ఐదు మాటలు చాలు. ప్రతి మాటనూ అది వచ్చిన వాక్యంతో సహా రాసుకోవాలి. విడి మాటల జాబితాలు వారం తిరక్కముందే మరిచిపోతారు.

ఐదు, ఆరు వారాల్లో పాత ప్రశ్నపత్రాలు. గడియారం పక్కన పెట్టాలి. రోజుకు రెండు పాసేజీలు. ప్రతి జవాబు పక్కన పాసేజీలో ఏ వాక్యం సాక్ష్యమో రాయాలి. తప్పులకు వేరే నోటుబుక్కు పెట్టుకోవాలి: పెట్టిన జవాబు, సరైన జవాబు, ఏ వేషానికి మోసపోయారు, మళ్లీ ఏం చూసుకోవాలి. పది రోజులకే ఎవరి బలహీనత ఏమిటో బయటపడుతుంది. ఒకరు అతి మాటకు పడిపోతారు, ఇంకొకరు సొంత అభిప్రాయానికి.

చివరి రెండు వారాల్లో గడియారం పెట్టి సాధన. ఐసెట్‌లో 150 నిమిషాలను 200 ప్రశ్నలకు పంచితే ఒక్కోదానికి 45 సెకన్లు. ఒక పాసేజీ కింద ఐదు ప్రశ్నలుంటే వాటి వాటా మూడు నిమిషాల 45 సెకన్లు. నిమిషానికి 150 మాటలు చదివేవారికి 300 మాటల పాసేజీ చదవడానికే రెండు నిమిషాలు పడుతుంది. మిగిలిన సమయం ఐదు జవాబులకు సరిపోవాలంటే పాసేజీని రెండోసారి మొత్తం చదివే వీలు ఉండదు. మొదటిసారే మెలకువగా చదివి, ప్రశ్న వచ్చినప్పుడు ఆ ఒక్క చోటికి మాత్రమే వెళ్లాలి. క్యాట్‌లో ఒక్కో పాసేజీకి ఏడు నిమిషాలు ఇస్తే నాలుగింటికి 28 నిమిషాలు, మిగతా ఎనిమిది ప్రశ్నలకు 12 నిమిషాలు మిగులుతాయి.

ఇంకో మాట. పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. కాగితం మీద గీతలు గీసుకుంటూ చదివే అలవాటు అక్కడ పనికిరాదు. చివరి వారాల్లో స్క్రీన్ మీదే చదువుతూ, పక్క కాగితం మీద పేరాకు రెండు మూడు మాటలు మాత్రం రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇంట్లో కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో చదివినా ఫర్వాలేదు. కనీసం రెండు మాక్ టెస్టులు మాత్రం కాలేజీ ల్యాబ్‌లోనో, నెట్ సెంటర్‌లోనో పెద్ద స్క్రీన్ మీద రాయడం మంచిది. క్యాట్, జీఆర్ఈలకు ఆ పరీక్షలు నడిపే సంస్థల వెబ్‌సైట్లలోనే ఉచిత నమూనా పరీక్షలు ఉంటాయి.

ఇంగ్లిష్ రాని అమ్మీ కూడా సాయం చేయొచ్చు

"మాకు చదువు లేదు, మేమేం చెప్పగలం?" అని చాలా మంది తల్లులు అనుకుంటారు. నిజానికి పాసేజీ అర్థమైందో లేదో తేల్చడానికి ఇంట్లోని అమ్మీ, దాదీ, నానీలను మించిన పరీక్షకులు దొరకరు. పిల్లలు చదివిన పాసేజీని రోజుకు ఒకసారి వాళ్లకు దక్కనీలోనో, తెలుగులోనో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఒక్క ఇంగ్లిష్ మాట కూడా వాడకూడదు. దాదీ "కైకు?" అని అడుగుతుంది. ఆ "ఎందుకు?"కు పాసేజీలో ఉన్న కారణం చెప్పగలిగితే చదివింది అర్థమైనట్టే. "ఏమో, అలాగే రాశారు" అంటే మళ్లీ చదవాలి.

ఇంగ్లిష్ మాటలను ఇంగ్లిష్ మాటలతోనే తిప్పి చెప్తే అర్థం కాకపోయినా అర్థమైనట్టు అనిపిస్తుంది. ఇంకో భాషలోకి మార్చి, చదువుకోని మనిషికి విడమరిచి చెప్పాలంటే మాత్రం దాక్కోవడానికి చోటు ఉండదు. మొదట ఐదారు నిమిషాలు పట్టే ఈ పని కొద్ది రోజులకు రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆ వేగమే పరీక్ష గదిలో పనికొస్తుంది.

తల్లిదండ్రులు చేయగలిగింది మరొకటి ఉంది: ఆ ముప్పావు గంటను కాపాడటం. ముఖ్యంగా అమ్మాయిలకు. చదువుకు కూర్చున్న వెంటనే వంటింట్లోంచి పిలుపు, చుట్టాలొస్తే చాయ్, తమ్ముడి హోంవర్క్. పది నిమిషాలకోసారి లేచే పిల్లకు పాసేజీ దారం తెగిపోతుంది. లెక్కను మధ్యలో ఆపి మళ్లీ పట్టుకోవచ్చు. చదువుతున్న పేరాను ఆపితే మొదటికి రావాల్సిందే. ఇంట్లో ఆపా చదువుకుంటున్న వేళ చాయ్ భాయి పెట్టినా తప్పేం లేదు.

దగ్గర్లో ఉన్న వనరులు

కర్నూలు, కడపల్లో జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి. ఇంగ్లిష్, తెలుగు పత్రికలు అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. ఇంట్లో చోటు లేనివారికి, ఫోన్ పిలుపుల నుంచి తప్పించుకోవాలనుకునేవారికి ఇది మంచి మార్గం. గ్రంథాలయోద్యమంలో ముందు నిలిచిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది కర్నూలులోనే. కర్నూలులో ఉస్మానియా కాలేజీ 1947 నుంచి నడుస్తోంది. దాన్ని స్థాపించిన డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరు మీదే 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇలాంటి చోట చదివే ఇద్దరు ముగ్గురు కలిసి వారానికోసారి కూర్చుని, ఒకే పాసేజీకి ఎవరి జవాబు ఎందుకో వాదించుకుంటే కోచింగ్ సెంటర్‌కు వెళ్లినంత లాభం ఉంటుంది. షరతు ఒక్కటే: "నాకలా అనిపించింది" అనకూడదు, వాక్యం చూపించాలి.

కడపలో సి.పి. బ్రౌన్ పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్‌కు తెలుగు పుట్టు భాష కాదు. అయినా ఆయన పండితులను పెట్టుకుని, ఒకే పద్యానికి దొరికిన వేర్వేరు ప్రతులను పక్కపక్కన పెట్టి, ఏ పాఠం సరైనదో పోల్చి చూస్తూ పనిచేశారు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించారు, 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. పరాయి భాషను ఒక మనిషి ఇంత లోతుగా పట్టుకున్నది కూడా వాక్యాన్ని వాక్యంతో పోల్చి చూస్తూ, సాక్ష్యం అడుగుతూ చదవడం వల్లే.

పరీక్ష గదిలో గుర్తుంచుకోవాల్సినవి

మొదట పాసేజీని ఒకసారి తిన్నగా చదవాలి, వివరాలను బట్టీ పట్టే ప్రయత్నం వద్దు. ఒక్కో పేరా ఏ పని చేస్తోందో మాత్రం పట్టుకోవాలి: విషయం చెప్తోందా, ఉదాహరణ ఇస్తోందా, కాదంటోందా. "అయితే", "కాబట్టి", "అయినప్పటికీ" లాంటి మలుపు మాటలను గమనించాలి. ప్రశ్నలో "నాట్", "ఎక్సెప్ట్" ఉన్నాయేమో రెండుసార్లు చూడాలి. రెండు ఆప్షన్ల మధ్య ఆగిపోతే ఏది తక్కువ గొప్పలు చెప్తుందో, ఏది పాసేజీ దాటి పోలేదో దాన్నే ఎంచుకోవాలి. ఐసెట్‌లో ఏదీ ఖాళీ వదలొద్దు. క్యాట్‌లో నాలుగింటిలో ఒక్క ఆప్షన్‌ను కూడా కొట్టేయలేకపోతే వదిలేయడమే మేలు.

పాసేజీని చదివే ఈ పద్ధతి సీటుతో అయిపోయేది కాదు. రేపు అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు, బ్యాంకు కాగితం చదివేటప్పుడు, వాట్సాప్‌లో వచ్చిన వార్తను పది మందికి పంపే ముందు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: ఇది నిజంగా ఇక్కడ రాసి ఉందా, లేక రాసి ఉందని అనుకుంటున్నామా? నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. రేపు ఫజ్ర్ తర్వాత ఒక్క పేజీతో మొదలుపెట్టొచ్చు.